మిద్దెతోట బ్లాగుకి చుట్టాలు తప్ప ఎవరూ రావట్లేదంటే, కారణం పోస్టులు తక్కువవడం కాదు

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో మిద్దె మీద కూరగాయలు పెంచుతున్నారు, ఏడాదిగా బ్లాగు రాస్తున్నారు, అవే ఫొటోలు, అవే కబుర్లు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో రోజూ పెడుతున్నారు, అయినా చుట్టాలు, పాత స్నేహితులు తప్ప ఎవరూ చూడట్లేదు. రోజుకి ఎన్ని పెట్టాలి, డబ్బు కట్టి పోస్టుని ఇంకా ఎక్కువమందికి చూపించుకోవాలా, అంటే బూస్ట్ చేయాలా అన్నది ప్రశ్న.

నేను తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలి, జల్లెడ లాంటి సైట్లు నడిచిన రోజుల నుంచి తెలుగులో బ్లాగు రాస్తున్నానండి, ఇప్పుడు నర్సరీలకీ చిన్నచిన్న వ్యాపారాలకీ వాళ్ళ పేజీలు, ఛానళ్ళు చూసిపెట్టడమే నా పని. మీ పోస్టుల పేర్లు చూశాను. 'ఈరోజు కోసిన వంకాయలు', 'మా గులాబీ పూసిందోచ్', 'ఆదివారం తోటలో'. బాగున్నాయి, ముచ్చటగా ఉన్నాయి, మీ పిన్నిగారు లైకు కొట్టడానికి సరిగ్గా సరిపోతాయి. కానీ మీరెవరో తెలియని ఒకావిడకి మీ వంకాయతో పనేముంది? ఆవిడ మిద్దె మీద వంకాయ మొక్క పూత రాలిపోతోంది, దానికేం చేయాలో కావాలి ఆవిడకి. ఆ జవాబు మీ దగ్గర ఉంది, ఏడాదిగా పెంచుతున్నారు కాబట్టి తప్పకుండా ఉంది, కానీ అది ఎక్కడో నాలుగో పేరాలో, 'మొన్న పూత రాలితే ఇలా చేశాను లెండి' అని ఒక్క వాక్యంలో దాక్కుని ఉంది. ఆ వాక్యమే వ్యాసం కావాలి.

అంటే రోజూ పెట్టక్కర్లేదు. వారానికి ఒకటి చాలు, కానీ ఒక ప్రశ్నకి పూర్తి జవాబు అయ్యుండాలి. ఉదాహరణకి 'టమాటా కాయ అడుగున నల్లగా ఎందుకు అవుతోంది' అన్నది తీసుకోండి. కుండీల్లో పెంచే ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే గొడవ ఇది. చాలామంది పురుగు అనుకుని మందు కొడతారు. అది పురుగు కాదు, కాయకి కాల్షియం అందకపోవడం, అదీ చాలాసార్లు మట్టిలో కాల్షియం లేక కాదు, నీళ్ళు ఒకరోజు ఎక్కువ, రెండు రోజులు అసలు లేకుండా పోయడం వల్ల. ఇది మీకు తెలుసు. కాయ ఫొటో మొదటి రోజుది, నీళ్ళు సరిచేశాక వచ్చిన తర్వాతి కాపుది, రెండూ పక్కపక్కన పెట్టి, ఏ కుండీ సైజుకి ఎన్ని నీళ్ళు, ఎండాకాలంలో పొద్దున ఒకసారా సాయంత్రం కూడానా అని రాస్తే, ఆ పేజీ ఏళ్ళ తరబడి మనుషుల్ని తీసుకొస్తూనే ఉంటుంది. 'మా గులాబీ పూసిందోచ్' మర్నాటికే మాసిపోతుంది.

జనం ఏం అడుగుతున్నారో ఎలా తెలుస్తుంది అంటారా, దానికి డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు. యూట్యూబ్ వెతుకు పెట్టెలో 'టమాటా మొక్క' అని కొట్టి ఆగండి, కింద వరసగా వస్తాయి చూడండి, అవన్నీ జనం నిజంగా అడుగుతున్నవే. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కూడా కొట్టి చూడండి, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తారు, లేకపోతే మైకు నొక్కి మాట్లాడేస్తారు. మైకులో వెతికేవాళ్ళు పూర్తి వాక్యం అడుగుతారు, 'మందార మొక్కకి తెల్ల పురుగు పడితే ఏం చేయాలి' అని. మీ బ్లాగులో దాన్ని 'పిండినల్లి నివారణ' అని రాశారు. వ్యవసాయ శాఖ కరపత్రంలో అలాగే ఉంటుంది, సరైన మాటే, కానీ వెతికే మనిషికి ఆ పేరు తెలిస్తే సగం సమస్య అప్పటికే తీరినట్టు. శీర్షికలో జనం అనే మాట పెట్టండి, లోపల అసలు పేరు చెప్పండి. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ బ్లాగుని చేర్చండి, ఉచితం. ఏ మాటలు కొడితే మీ పేజీ కనపడిందో, ఎంతమంది నొక్కారో అందులో ఉంటుంది. కనపడి కూడా ఎవరూ నొక్కని పేజీలకి ముందు శీర్షిక మార్చండి. కొత్తవి రాయడం కన్నా ఈ పని తొందరగా ఫలితం ఇస్తుంది, అయినా ఎవరూ చేయరు, విసుగు కాబట్టి.

ఇంకో మాట, మీరు మీ ఊరిని వాడుకోవట్లేదు. మిద్దెతోట వీడియోలు చేసేవాళ్ళలో బెంగళూరు వాళ్ళు, హైదరాబాద్ వాళ్ళు బోలెడుమంది. బెంగళూరులో మే నెలలో కొత్తిమీర ఎలా వేయాలో చెప్పే వీడియో చూసి విజయవాడలో వేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బ్లేజువాడ అని ఊరికే అన్నారా! గుంటూరు, ఏలూరు, రాజమండ్రి, ఒంగోలు, ఇటు ఖమ్మం, ఈ ఊళ్ళన్నిటిదీ ఒకటే బాధ: కాలే శ్లాబు, ఆ పైన ఎండ. 'కోస్తా ఎండలో మిద్దెతోట' అని మీరు గిరి గీసుకుని కూర్చుంటే ఆ గిరిలో మీకు పోటీ చాలా తక్కువ. గిరి చిన్నదైతే చదివేవాళ్ళు తగ్గిపోతారని అందరూ భయపడతారు. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు, అది తమకోసమే రాసినట్టుంటే మనిషి ఆగుతాడు, పక్కింటావిడకి పంపుతాడు.

యూట్యూబ్‌లో మై విలేజ్ షో అనే ఛానల్ చూడండి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి అనే చిన్న ఊరు, శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మొదలుపెట్టారు, ఆ ఊరి మాటే, ఆ ఊరి మనుషులే. గంగవ్వ అనే ఆ ఊరి పెద్దావిడ వాళ్ళతోనే వెలుగులోకి వచ్చి 2020లో బిగ్ బాస్ దాకా వెళ్ళింది. ఆ మాటల్ని 'అందరికీ అర్థమయ్యే' తెలుగులోకి మార్చి ఉంటే ఎవరు చూసేవాళ్ళు? అలాగే గుంటూరు జిల్లా నుంచి మస్తానమ్మగారు, నూరేళ్ళు దాటిన వయసులో కట్టెలపొయ్యి మీద వండితే యూట్యూబ్‌లో దేశదేశాలవాళ్ళు చూశారు, 2018 డిసెంబరులో పోయారు పాపం. అయితే వీళ్ళని చూసి మనకీ అలాగే జరుగుతుందని లెక్కలు వేసుకోకండి, వాళ్ళలాగే మొదలుపెట్టి ఎవరికీ తెలియకుండా ఆగిపోయిన ఛానళ్ళు లెక్కలేనన్ని. నేర్చుకోవాల్సింది ఒకటే, వాళ్ళు తమ ఊరిని దాచుకోలేదు.

కాలం కూడా మీ పక్షానే ఉంది, దాన్ని వాడండి. తోట విషయంలో ఏ నెలలో ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలుసు. మార్చి నుంచి ఎండకి మొక్కలు మాడటం, షేడ్ నెట్ ఎండని యాభై శాతం ఆపేది కొనాలా డెబ్భై ఐదు ఆపేదా అన్న సందేహం. మే ఆఖరు నుంచి బీర, సొర, బెండ విత్తనాలు. వానలు పడ్డాక కుండీల్లో నీళ్ళు నిలిచి వేర్లు కుళ్ళడం. అక్టోబరు దాటితే క్యాబేజీ, కాలీఫ్లవరు నారు. కొత్త బ్లాగు పేజీని గూగుల్ పట్టించుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, కాబట్టి ఎండ గురించి ఏప్రిల్‌లో రాస్తే అది పైకొచ్చేసరికి వానలు వచ్చేస్తాయి. జనవరిలో రాయండి. వచ్చే ఏడు అదే పేజీని కొత్త ఫొటోలతో సరిదిద్దండి, ఇంకో పేజీ పుట్టించకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళని కూడా మర్చిపోవద్దు. పెరట్లో గోంగూర, సొరపాదు, తోటకూర వేయడం అక్కడ మనవాళ్ళకి పెద్ద సరదా, డల్లాస్‌లో ఉన్నవాళ్ళకి మార్చిలోనే చలి వదిలితే న్యూజెర్సీ వాళ్ళకి ఏప్రిల్ ఆఖరు దాకా, కొన్నిచోట్ల మే దాకా మంచు భయం ఉంటుంది, విత్తనం ఇంట్లో చిన్న కప్పుల్లో మొలిపించుకుని తర్వాత బయట నాటాలి. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ తోట ఫొటోలతో, వాళ్ళ అనుమతితో, ఒక్క వ్యాసం వేసి చూడండి. డబ్బు సంగతి తర్వాత చెప్తాను గానీ అక్కడి నుంచి చూసేవాళ్ళకి ప్రకటన రేటు మన దగ్గరకన్నా బాగా ఎక్కువ.

ఇప్పుడు చిన్న చిరాకు విషయాలు రెండు, మీ బ్లాగులో రెండూ ఉన్నాయి. బ్లాగర్‌లో తెలుగు శీర్షిక పెడితే లింకులో ఆ పేరు రాదు, ఉత్త 'బ్లాగ్‌పోస్ట్' అని ఒక అంకెతో వస్తుంది. ప్రచురించేముందు కుడిపక్క పర్మాలింక్ (పేజీ లింకు) దగ్గర మీరే ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరు ఇవ్వండి. వర్డ్‌ప్రెస్ అనే ఇంకో బ్లాగు వేదిక వాడేవాళ్ళకి ఇంకో తంటా, తెలుగు లింకుని వాట్సాప్‌లో అంటిస్తే శాతం గుర్తులూ అంకెలూ కలిసి మూరెడు పొడుగు వస్తుంది, చూసినవాళ్ళు వైరస్ అనుకుంటారు. రెండోది, సలహాలన్నీ పోస్టరు బొమ్మ మీద అక్షరాలుగా రాస్తున్నారు. చూడటానికి బాగుంటుంది కానీ వెతికితే దొరకడం కష్టం, ఎవరూ కాపీ చేసుకుని వాళ్ళ అమ్మకి పంపలేరు, కళ్ళు సరిగా కనపడని పెద్దవాళ్ళు అక్షరం పెద్దది చేసుకోలేరు. బొమ్మ బొమ్మే, మాట మాటే.

సోషల్ మీడియా దగ్గరకి వస్తే, మీరు మూడు చోట్లా ఒకటే సరుకు పడేస్తున్నారు. మీ పేజీకి జనాన్ని పిలవడం కాకుండా, జనం ఉన్నచోటికి మీరు వెళ్ళండి. ఫేస్‌బుక్‌లో మిద్దెతోట గుంపులు పెద్దపెద్దవి ఉన్నాయి, రోజూ పదిమంది ఆకు ఫొటో పెట్టి 'ఏమైంది దీనికి' అని అడుగుతారు, కింద ఇరవై మంది 'వేపనూనె కొట్టండి' అని ఒకటే మంత్రం రాస్తారు. మీరు ఆగి, ఆకు అడుగు తిప్పి ఇంకో ఫొటో పెట్టమని అడగండి, కుండీ ఎంతది, ఎండ ఎన్ని గంటలు అని అడగండి, అప్పుడు చెప్పండి. వేపనూనే అయితే లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్ళు కలపకపోతే నూనె విడిగా తేలిపోతుంది, ఎండ తగ్గాక కొట్టాలి అని పూర్తిగా చెప్పండి. లింకు పెట్టకండి. కొన్నాళ్ళకి మీ పేరు చూసి వాళ్ళే మీ ప్రొఫైల్‌కి వస్తారు. వచ్చినప్పుడు బ్లాగు చిరునామా అక్కడ ఉంటే చాలు. ఇది నెమ్మదైన పని, కానీ నేను చూసిన నర్సరీ పేజీల్లో నిలబడినవన్నీ ఇలా వచ్చినవే. ఆ గుంపుల్లో అడిగిన ప్రశ్నలే మీ తర్వాతి వ్యాసాలకి ముడిసరుకు కూడా.

ఏ వేదికనీ పూర్తిగా నమ్ముకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను. మా రోజుల్లో బ్లాగులకి జనం కూడలి, జల్లెడ, హారం నుంచి వచ్చేవాళ్ళు, అవి ఒక్కొక్కటిగా ఆగిపోయాయి, వాటి మీదే ఆధారపడ్డ బ్లాగులు చాలామటుకు వాటితోనే పోయాయి. బ్లాగులు చదువుకునే గూగుల్ రీడర్ 2013లో మూసేశారు, ఫేస్‌బుక్‌లాంటి గూగుల్ ప్లస్ 2019లో. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన లెక్క మార్చి, స్నేహితుల పోస్టులే ముందు చూపిస్తామంది, లక్షల మంది ఉన్న పేజీలకి కూడా చూసేవాళ్ళు పడిపోయారు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ 2020 జూన్ 29న, టిక్‌టాక్ మీద నిషేధం. పల్లెటూళ్ళ నుంచి ఎంతమంది మనవాళ్ళు అక్కడ పేరు తెచ్చుకున్నారో గుర్తుందా? రాత్రికి రాత్రి అంతా పోయింది. అప్పటికే యూట్యూబ్‌లోనో ఇంకోచోటో ఒక కాలు పెట్టి ఉంచుకున్నవాళ్ళు తేరుకున్నారు, మిగతావాళ్ళు మొదటినుంచి మొదలుపెట్టారు, లేదా మానేశారు. మనకి అక్కడ ఉన్నది ఇంకొకరి స్థలంలో వేసుకున్న పందిరి, అంతే.

అందుకే బ్లాగు మానకండి, సొంత డొమైన్, అంటే మీ పేరుతో వెబ్ చిరునామా కొనుక్కోండి, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల పని, బ్లాగర్‌కే తగిలించుకోవచ్చు. దాంతోపాటు మిమ్మల్ని నిజంగా కావాలనుకునేవాళ్ళని ఒకచోట కూడగట్టండి. ఈమెయిలు తెలుగువాళ్ళ దగ్గర పెద్దగా పనిచేయదు, విదేశాల్లో ఉన్నవాళ్ళు చదువుతారేమో గానీ మనూళ్ళో మెయిలు అంటే బ్యాంకు ఓటీపీలకే. వాట్సాప్ పనిచేస్తుంది. గుంపు మాత్రం పెట్టకండి, అందులో అందరి నంబర్లు అందరికీ కనపడతాయి, మీకు వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ, రెండో రోజు నుంచే ఎవడో ఒకడు గుడ్ మార్నింగులు మొదలుపెడతాడు, ఆ పంచాయితీ మీకెందుకు. 2023 నుంచి వాట్సాప్‌లోనే ఛానల్ పెట్టుకునే వీలు వచ్చింది, అందులో చేరినవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి తెలియవు. ఒకే సందేశం చాలామందికి విడివిడిగా వెళ్ళే బ్రాడ్‌కాస్ట్ లిస్టు కూడా ఉంది గానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది, అదీ ఒక జాబితాకి 256 మందే. మొదట్లో అది మంచిదే, సేవ్ చేసుకున్నారంటే కావాలనే కదా చేసుకున్నారు. ప్రతి వ్యాసం చివర 'ఈ నెలలో మిద్దె మీద ఏం వేయాలో నెలకి ఒకసారి పంపుతాను' అని రాసి పిలవండి. నెలకి ఒకసారే పంపండి.

యూట్యూబ్ గురించి తక్కువ చెప్తాను, మీకు కెమెరా భయం లేదు కాబట్టి. మీ వీడియోల్లో మొదటి నిమిషం అంతా స్వాగతం, సబ్‌స్క్రైబ్, గంట నొక్కండి. ఆ నిమిషంలోనే జనం వెళ్ళిపోతున్నారు, యూట్యూబ్ స్టూడియోలో ఎంతమంది ఎంతసేపు చూశారో చెప్పే గ్రాఫు తెరిచి చూడండి, గోడ మీంచి దూకినట్టు ఉంటుంది. చెడిపోయిన కాయ చూపించి మొదలుపెట్టండి. మిద్దె మీద గాలి హోరు వినపడుతోంది, కాలర్ మైకు కొని దాని మీద స్పాంజి తొడుగు వేయండి, మసక వీడియోని జనం భరిస్తారు గానీ వినపడని వీడియోని భరించరు. 'నువ్వు నాది చెయ్యి, నేను నీది చేస్తా' అని సబ్‌స్క్రైబర్లని మార్చుకునే గుంపుల నుంచి బయటికి రండి. అది యూట్యూబ్ నియమాలకి విరుద్ధం, అదలా ఉంచితే, మీ వీడియో వాళ్ళకి చూపించినా వాళ్ళు తెరవరు, దాంతో యూట్యూబ్ ఈ వీడియోలో విషయం లేదనుకోవచ్చు.

డబ్బు. గూగుల్ ప్రకటనలు తెలుగు పేజీల మీద 2018 నుంచి ఒప్పుకుంటున్నారు. వచ్చేది కొద్దిగానే ఉంటుంది, వంద డాలర్లు చేరేదాకా చేతికి రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ, లేదా షార్ట్స్ అనే చిన్న వీడియోలయితే 90 రోజుల్లో కోటి వ్యూస్. పొడుగు వీడియోల మీద ప్రకటన డబ్బులో 55 శాతం మీకిస్తారు. కానీ మీలాంటివాళ్ళకి ప్రకటనల కన్నా ముందు డబ్బు వచ్చే దారి వేరే ఉంది, విత్తనాల పొట్లాలు, కుండీల మట్టి, ఎవరింటికైనా వెళ్ళి మిద్దె చూసి తోట వేసి ఇవ్వడం. మూడువందల మంది చదివేవాళ్ళున్నా అందులో విజయవాడవాళ్ళు ముప్ఫై మంది ఉంటే ఈ పని నడుస్తుంది. శ్లాబు బరువు ఆపుతుందా అని మాత్రం ఇంజినీరునే అడగమనండి, అది మీరు మీదేసుకోకండి.

ఎరువుల కంపెనీవాళ్ళు ఉచితంగా డబ్బాలు పంపడం మొదలుపెడతారు. తీసుకోండి, కానీ అది డబ్బుతో గానీ ఉచిత సరుకుతో గానీ చేసిన వీడియో అని స్పష్టంగా, కనపడేచోట చెప్పాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది, తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల చట్టం కింద మొదటిసారి పది లక్షల దాకా జరిమానా ఉంది. బెట్టింగ్ యాప్‌ల వాళ్ళు కూడా వస్తారు, తోటల ఛానల్ అయినా సరే వాళ్ళకి తేడా లేదు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో యూట్యూబర్ల మీద, నటుల మీద పెట్టిన కేసులు పేపర్లో చూసే ఉంటారు. జవాబు కూడా ఇవ్వకండి వాళ్ళకి.

ఏఐతో రోజుకి పది వ్యాసాలు రాయించేస్తే పోలా అని మీ ప్రశ్న కింద ఒకాయన అన్నారు. గూగుల్ 2024 మార్చిలోనే ఇలా గుట్టలుగా తయారుచేసే పేజీల మీద నియమం తెచ్చింది. అదీకాక, 'టమాటాకి ఎన్ని నీళ్ళు పోయాలి' లాంటి మామూలు ప్రశ్నకి ఇప్పుడు గూగులే పైన జవాబు చెప్పేస్తోంది, మన పేజీ దాకా మనిషి రావట్లేదు. వచ్చేది ఎప్పుడంటే, మీ మిద్దె మీద ఏప్రిల్ రెండో వారంలో షేడ్ నెట్ కింద ఉన్న మిరప మొక్క, బయట ఉన్న మిరప మొక్క రెండూ ఎలా ఉన్నాయో చూపించినప్పుడు. ఆ ఫొటో ఏఐ దగ్గర ఉండదు.

ఇక బూస్ట్. ఇప్పుడొద్దు. ఇప్పుడున్న పోస్టులకి డబ్బు పెడితే లైకులు వస్తాయి, ఎవరివో తెలియని లైకులు, డబ్బు ఆగగానే అవీ ఆగుతాయి. పైన చెప్పినట్టు ఓ పది పదిహేను వ్యాసాలు తయారయ్యాక, వాటిలో దేనికి పిలవకుండానే జనం వస్తున్నారో సెర్చ్ కన్సోల్‌లో కనపడుతుంది. ఆ ఒక్కదానికే, ఎండాకాలం మొదలయ్యే ముందు, విజయవాడ, గుంటూరు, ఏలూరు చుట్టుపక్కలే ఎంచుకుని, అయిదువందలో వెయ్యో పెట్టి చూడండి. వచ్చినవాళ్ళలో ఎంతమంది వాట్సాప్ ఛానల్లో చేరారో లెక్కపెట్టండి. లైకులు లెక్కలోకి తీసుకోవద్దు. చేరేవాళ్ళు ఉంటే మళ్ళీ పెట్టండి, లేకపోతే ఆ డబ్బుతో మైకు కొనండి.